అరుగకుండనే పాతబడిన టైరు

ధ్యాన భాగములు: హోషేయ 7:8-9, యోహాను 3:1-10, 2 కొరింథీయులకు 4:16



పైన చూపిన మూడు భాగములను ఇంటిల్లిపాదియు వినునట్లు ఒకరు పైకి చదివిన తరువాత ఈ మాటలు చదువుడని మనవి.

హోషేయ ప్రవక్త ఎఫ్రాయిమును ఒక మనుష్యునితో పోల్చుచున్నాడు. ఆ మనుష్యుని తలలో అక్కడక్కడ వెండ్రుకలు నెరసినవి. ఇరుగుపొరుగువారు చూచుచున్నారు, సంతలో ఎదురైనవారు చూచుచున్నారు. ఆ మనుష్యునికి మాత్రము ఆ సంగతి తెలియదు. తాను ఇంకను పడుచువాడననియే తలంచి తిరుగుచున్నాడు. ముసలితనము పాపము కాదు. సామెతలు 16:31 చదివినయెడల నీతిమంతుని నెరసిన తలకు దేవుడు ఎంత ఘనత నిచ్చెనో తెలియును. ప్రవక్త దుఃఖము ముసలితనమును గూర్చినది కాదు. తెలియకపోవుటను గూర్చినది.

ఈ తెలియకపోవుట ఎట్టిదో గ్రహించుటకు ఈ మాసము మనము ఒక సామాన్యమైన వస్తువును ముందు పెట్టుకొందము. అది మోటారు బండి టైరు. ప్రభువు ఆవగింజను, పులిసిన పిండిని, వలను, పాత ద్రాక్షారసపు తిత్తిని చూపి బోధించెను గదా. మన వాకిట నున్న వస్తువు కూడ బోధింపగలదు.

టైరు ఎప్పుడు మార్చవలెను?

ఈ ప్రశ్న ఎవరినడిగినను ఒకటే జవాబు వచ్చును: అరిగినప్పుడు. అది సగము సత్యము. మన గరివిడి, చీపురుపల్లి ప్రాంతము మాంగనీసు ఖనిజమునకు పేరుపొందినది. ఆ ఖనిజమును, రాతిని, ఇసుకను మోసిన లారీల టైర్లను చూడుడి. ఎండలోను వానలోను తిరిగి తిరిగి వాటి గీతలు చెరగిపోవును, టైరు గుండు అయిపోవును. యజమానుడు ఎంత పిసినారి యైనను దానిని చూచి మార్చక తప్పదు. కారు టైరు క్రొత్తదిగా ఉన్నప్పుడు దాని గీతల లోతు సుమారు 8 మిల్లీమీటర్లుండును. అది 1.6 మిల్లీమీటర్లకు తగ్గినయెడల పనికిరాదని తెలుపుటకు గీతల మధ్యనే చిన్న గుర్తులు పెట్టియుందురు. అరుగుదలను కొలుచుట సులభము.

అయితే స్పోర్ట్స్ కారు అను ఒక విధమైన బండి కలదు. అది నేలకు ఆనినట్లు ఎత్తు తక్కువగా ఉండును. తరచుగా ఇద్దరికే చోటుండును. మహా వేగమునకై చేయబడినది. దాని యజమానుడు దానిని సంతకు తీసికొనిపోడు, దానిలో వరి బస్తా వేయడు. గుడ్డ కప్పి షెడ్డులో నిలిపి, ఏ పండుగకో సెలవు దినమునకో బయటికి తీయును. సంవత్సరములు గడచును గాని మైళ్లు గడవవు. మన పల్లెలలో అట్టి కార్లు అరుదు. గాని అట్టి రీతిగా నిలిచియుండు కార్లు అరుదు కావు. గల్ఫు దేశములలోను, పట్టణములలోను, సైన్యములోను పనిచేయు మన బిడ్డలు స్వగ్రామమున ఇల్లు కట్టి, వాకిట కారు నిలిపి, క్రిస్మసుకు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి వచ్చి దానిని నడుపుట మనము చూచుచున్నాము.

అట్టి కారు టైరును పంచరు షాపువానికి చూపినప్పుడు జరుగు సంభాషణ ఇట్లుండును. యజమానుడు, “ఏటండీ, గీతలింకా చెరగనేదు, కొత్త టైరునాగే ఉంది కదా, మార్చడమెందుకు?” అనును. షాపువాడు టైరు ప్రక్కను బొటనవ్రేలితో నొక్కి, సన్నని పగుళ్లు చూపి, “అరగనేదు బాబూ, ఎండిపోనాది” అనును. ఈ చిన్న జవాబులో ఈనాటి మన ప్రసంగమంతయు ఉన్నది.

నిలిచియున్నది ఎందుకు పాడగును?

పంచరు షాపుల పలకల మీద “వల్కనైజింగు” అను మాట మీరు చూచియుందురు. చెట్టు పాలనుండి వచ్చు పచ్చి రబ్బరు ఎండకు జిగురై కరగును, చలికి బిగుసుకొనును. 1839వ సంవత్సరమున అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ అనునతడు రబ్బరులో గంధకము కలిపి వేడిచేసినయెడల అది ఎండకును చలికిని నిలుచునని కనుగొనెను. ఆ పద్ధతికే వల్కనైజింగు అని పేరు. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపు లేక నడచుటకు గాలి నింపిన టైరు చేసెను. ఆ తండ్రి ప్రేమలో పుట్టిన వస్తువు మీదనే నేడు లోకమంతయు తిరుగుచున్నది.

అయితే గంధకము చేర్చినను, అగ్నిలో కాల్చినను రబ్బరు నిత్యము నిలుచునది కాదు. బయటి గాలిలోని ప్రాణవాయువు దానిలో చొచ్చుచుండును. టైరులో నింపిన గాలి కూడ లోపలనుండి మెల్లగా రబ్బరులోనికి చొరబడుచు దానిని బిరుసుగా చేయుచుండును. ఎండ వేడిమి ఈ పనిని త్వరపరచును. గాలిలో కొంచెముగా నుండు ఓజోను అను వాయువు రబ్బరు పైభాగమును చీల్చి సన్నని పగుళ్లు కలుగజేయును. చుట్టిన కాగితములకు వేసిన రబ్బరు బ్యాండును కొన్ని ఏండ్ల తరువాత లాగినయెడల పుటుక్కున తెగును. దానిని ఎవరును వాడలేదు. వాడకపోయినను వయస్సు ఆగలేదు.

ఇందులో మరియొక సంగతి కలదు. దానిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. టైరు చేయువారు దాని రబ్బరులో ఒక విధమైన మైనమును, రక్షించు మందులను కలిపియుందురు. బండి నడచునప్పుడు టైరు వంగుచు, అణగుచు, మరల లేచుచుండును. అట్లు కదలినప్పుడెల్ల లోపలి మైనము పైకి వచ్చి, కంటికి కనబడని పొరవలె టైరును కప్పి, ఓజోనునుండి కాపాడును. నిలిచియున్న టైరునకు ఆ కదలిక లేదు. కాపాడు మందు లోపలనే ఉన్నను పైకి చాలినంత రాదు. శత్రువు బయటనుండి పనిచేయుచుండగా రక్షణ లోపలనే నిద్రించుచుండును.

మరియు నిలిచిన టైరులోని గాలి కూడ నెలకు ఒకటి రెండు పౌండ్ల చొప్పున తనంతట తానే తగ్గును. బరువంతయు ఒకే చోట మోపబడి ఆ భాగము చదునగును. ఇవన్నియు జరుగుచుండగా పైన గీతలు మాత్రము క్రొత్తవివలె లోతుగా నిగనిగలాడుచుండును. కన్ను గీతలను చూచును గాని వయస్సును చూడదు.

ఇది వినోదమునకు చెప్పిన సంగతి కాదు

2013వ సంవత్సరము నవంబరు 30వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాంటా క్లారిటా అను పట్టణమున, పాల్ వాకర్ అను సినిమా నటుడు మరణించెను. ఫిలిప్పీను దీవులలో పెనుతుపానుకు నష్టపోయినవారి సహాయార్థము జరిగిన కార్యక్రమమునకు వచ్చి, అక్కడనుండి స్నేహితునితో కూడ ఒక పోర్షె స్పోర్ట్స్ కారులో వెళ్లెను. ఆ కారు అదుపు తప్పి, స్తంభమునకును చెట్లకును గుద్దుకొని, మంటలలో కాలిపోయెను. ఇద్దరును చనిపోయిరి. గంటకు 45 మైళ్లు మించకూడని దారిలో కారు 80 నుండి 93 మైళ్ల వేగముతో పోయెనని 2014 మార్చిలో విచారణాధికారులు తెలిపిరి. తగని వేగమే ముఖ్య కారణమని చెప్పుచు, ఆ కారు టైర్లు తొమ్మిది సంవత్సరముల నాటివనియు, అందువలన వాటి పట్టు తగ్గియుండవచ్చుననియు కూడ వ్రాసిరి.

ఒకరి మరణమును మనము తీర్పు తీర్చుటకు వాడుకొనరాదు. సిలోయము గోపురము పడి చచ్చినవారిని గూర్చి ప్రభువు ఏమి బోధించెనో లూకా 13:4-5లో చదువుకొనవచ్చును. వారిని గూర్చి మాటలాడుట మాని, మన సంగతి చూచుకొనుమని ఆయన హెచ్చరించెను. అయినను రెండు సంగతులు గమనింపుడి. బండి షెడ్డులో ఉన్నంత కాలము పాత టైరు ఎవరికిని కీడు చేయదు. వేగము వచ్చినప్పుడు, మలుపు వచ్చినప్పుడు దాని నిజము బయటపడును. మరియు మరణించిన ఆ నటుడు బండి నడిపినవాడు కాడు. ప్రక్కన కూర్చున్నవాడు.

ఇప్పుడు ఈ దృష్టాంతమునుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది: అరుగకపోవుట మంచి స్థితికి గుర్తు కాదు

సంఘములో కొందరు తమ విశ్వాసమును స్పోర్ట్స్ కారువలె భద్రపరచుదురు. బాప్తిస్మపు పత్రము పెట్టెలో ఉన్నది. పెండ్లినాటి బైబిలు చెక్కు చెదరకుండ బీరువాలో ఉన్నది. క్రిస్మసు దినమున, శుభ శుక్రవారమున, ఎవరింటనైనను చావో పెండ్లియో జరిగిన దినమున విశ్వాసము గుడ్డ తీసి బయటికి వచ్చును. తక్కిన దినములలో నీడ పట్టున ఉండును. ఎవరితోను తగవు లేదు, ఎవరి బరువును మోయలేదు, ఎవరి నిమిత్తమును నిందపడలేదు. కనుక ఎక్కడను గీత చెరగలేదు. “నా విశ్వాసము చెక్కు చెదరలేదు అయ్యగారూ” అని వారు చెప్పినప్పుడు అది అబద్ధము కాదు. అది నిజమే. అందులోనే అపాయమున్నది.

సార్దీస్ సంఘమునకు ప్రభువు వ్రాయించిన వర్తమానము ప్రకటన 3వ అధ్యాయమున ఉన్నది. దానికి జీవముగల సంఘమని పేరున్నది. లోపల చావు పనిచేయుచున్నది. సమ్సోను తలవెండ్రుకలు పోయిన తరువాత ఎప్పటివలెనే లేచి శత్రువులను విదలించుకొందునని బయలుదేరెను. బలము తొలగిపోయినదని అతనికి తెలియలేదు (న్యాయాధిపతులు 16:20). తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడు దానిని పాడుచేయలేదు, పోగొట్టలేదు, ఖర్చుపెట్టలేదు. ఇచ్చినదానిని ఇచ్చినట్లే తెచ్చి చూపెను. యజమానునికి అందులో సంతోషమేమియు కలుగలేదు (మత్తయి 25:24-30).

దీనికి ఎదురుగా మరియొక విధమైన జీవితమున్నది. 1805లో లండను మిషనెరీ సొసైటీవారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరిని మన విశాఖపట్టణమునకు పంపిరి. వారు తెలుగు నేర్చిరి, బడి నడిపిరి, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోనికి తర్జుమా చేయుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లో మరణించెను. డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున సేరంపూరులో 1812లో అచ్చుపడినప్పుడు వాటిని చూచుటకు ఆ ఇద్దరిలో ఒక్కరును జీవించిలేరు. అయిదేండ్లలోనే ఆ టైర్లు అరిగిపోయెనని లోకము చెప్పును. గాని వారు దొర్లిన దారిలోనే మన మాతృభాషలో దేవుని వాక్యము మనయొద్దకు వచ్చినది.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను ఇక్కడ నిలిచి ధ్యానింపుడి. బయటి మనిషి తరుగుచున్నాడు, లోపలివాడు దినమునకొక మారు క్రొత్తవాడగుచున్నాడని దాని భావము. షెడ్డులోని టైరు సంగతి దీనికి సరిగా తలక్రిందులు. బయట క్రొత్తది, లోపల దినదినము క్షీణించునది. మనలో ప్రతివాడును ఈ రెండింటిలో ఏది తన సంగతియో చూచుకొనవలెను. మన సంఘములలో ఉదయమే కూలికి పోవు విధవరాండ్రు కొందరున్నారు. వారి చేతులు కాయలు కాచినవి. బైబిలు అంచులు నలిగినవి. అయినను వారియొద్ద కూర్చున్నవారికి ఓదార్పు కలుగును. వారి విశ్వాసము ప్రతి దినము బరువు మోయుచున్నది గనుక, లోపలి తైలము ప్రతి దినము పైకి వచ్చుచున్నది.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. నడచుటవలన టైరు టైరు కాలేదు. చేసినవాడు చేసినందున అది టైరు అయినది. అట్లే మన క్రియలవలన మనము రక్షింపబడలేదు; కృపవలననే రక్షింపబడితిమి. కాని కృప మనలను చేసినది షెడ్డులో పెట్టుటకు కాదు, దారిలో నడుచుటకు. ఎఫెసీయులకు 2:8-10 పూర్తిగా చదివినయెడల ఈ రెండును అక్కడ కలిసియుండుట చూతురు.

రెండవది: ఎండిన రబ్బరుకు మెరుగు మందు కాదు

పాత టైరు నల్లగా మెరయుటకు పూయు ద్రావకములు అంగడిలో దొరకును. పూసినప్పుడు క్రొత్తదానివలె కనబడును; పగుళ్లు కప్పబడును, మానవు. అరిగిన లారీ టైరుకు పైన క్రొత్త రబ్బరు పట్టీ వేయించి రీట్రేడింగు చేయించుట మీకు తెలియును. అది లోపలి కట్టు గట్టిగా ఉన్నప్పుడే పనికివచ్చును. కట్టే ఎండిపోయినప్పుడు పైపట్టీ వేసినందున ప్రయోజనము లేదు. మంచి పనివాడు దానిని చేయనని త్రిప్పి పంపును. వయస్సుచేత పాడైన టైరుకు ఒకటే మార్గము. దానిని తీసివేసి క్రొత్తది వేయవలెను.

ఇది మనుష్యుని మనస్సునకు చాల కష్టము. అరిగిన టైరును పారవేయుటకు ఎవరును బాధపడరు. చూడ చక్కగా నున్న టైరును పారవేయుటకే ప్రాణము ఒప్పదు. “ఇంత ఖర్చు పెట్టి కొన్నది, పట్టుమని పది ఊళ్లు తిరుగలేదు” అని మనస్సు పీకును.

నీకొదేము ఇట్టి మనుష్యుడు. అతడు దొంగ కాడు, త్రాగుబోతు కాడు. పరిసయ్యుడు, అధికారి, ఇశ్రాయేలుకు బోధకుడు. అతని గీతలలో ఒక్కటియు చెరగలేదు. రాత్రివేళ ప్రభువునొద్దకు వచ్చినప్పుడు, తనకున్నదానికి మరి కొంచెము చేర్చుకొనవలెనని వచ్చియుండవచ్చును. ప్రభువు అతనికి మెరుగు పూయలేదు, పైపట్టీ వేయలేదు. మొదటినుండి మరల పుట్టవలెనని చెప్పెను. సమరయ స్త్రీకి తన బ్రదుకు అరిగిపోయినదని తెలియును; ఊరివారందరికిని తెలియును. నీకొదేమునకు ఆ మాట ఎంత వింతగా తోచెనో అతడు వేసిన ప్రశ్నలవలననే తెలియుచున్నది. బాగున్న మనుష్యునికి క్రొత్త జన్మ అవసరమని చెప్పుట కంటె కఠినమైన బోధ లేదు. అయినను ప్రేమగల వైద్యుడు దానిని చెప్పక మానడు.

యెహెజ్కేలు 36:26లో దేవుడు చేసిన వాగ్దానమును చూడుడి. బిరుసెక్కిన గుండెను మెత్తపరచుదునని మాత్రమే ఆయన చెప్పలేదు. దానిని తీసివేసి వేరొకటి ఇత్తునని చెప్పెను. పాత తిత్తిలో క్రొత్త ద్రాక్షారసము పోయరాదని ప్రభువు చెప్పినదియు ఇదియే (మత్తయి 9:17). తోలు ఎండినప్పుడు సాగదు, సాగనిది పిగులును. రసము మంచిదే, తిత్తి చూపునకు బాగున్నదే. అయినను రెండును నష్టమగును.

నీకొదేము కథ అక్కడ ముగియలేదని సంతోషింతము. యోహాను 7వ అధ్యాయమున అతడు సభలో ప్రభువు పక్షముగా ఒక మాట పలికి గద్దింపబడెను. 19వ అధ్యాయమున శిష్యులు చెదరిపోయిన దినమున సుగంధద్రవ్యములు మోసికొని సిలువయొద్దకు వచ్చెను. రాత్రి వచ్చిన మనుష్యుడు అందరు చూచుచుండగా ప్రభువు శరీరమును మోసెను. ఆ దినమున టైరు దారి మీద మోపబడెను.

మూడవది: నీ ప్రక్కన కూర్చున్నవారు ఎవరు?

ఎంత పెద్ద కారైనను ఒక్కొక్క టైరు నేలను తాకు చోటు సుమారు మన అరచేయి అంతయే. నాలుగు అరచేతులంత చోటు మీద బండి, దానిలోని ప్రాణములన్నియు ఆధారపడియున్నవి. ఇంజను ఎంత బలమైనదైనను ఆ బలము దారికి అందునది ఆ చోటనే. మన భక్తి కూడ లోకమును తాకు చోటు చిన్నది: భార్యతో పలుకు మాట, కూలివానికి ఇచ్చు డబ్బు, పొలము గట్టు దగ్గర పొరుగువానితో నడుచు విధము, కోపము వచ్చినప్పుడు చేతి అదుపు. పాటలు, ప్రార్థనలు, ప్రసంగములు ఇంజను శబ్దము వంటివి. పట్టు ఉన్నదో లేదో తెలియునది ఈ చిన్న చోటనే.

కుటుంబ పెద్దలారా, మీకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. మీ బండిలో మీరు ఒంటరిగా లేరు. భార్య ఉన్నది, వృద్ధురాలైన తల్లి ఉన్నది, వెనుక పిల్లలున్నారు. వారు టైరును పరీక్షించి ఎక్కలేదు. మిమ్మును నమ్మి ఎక్కిరి. బిడ్డకు జ్వరము ముదిరిన రాత్రి, పంట పోయిన సంవత్సరము, కుమారుడు త్రాగుడుకు మరగిన దినము అకస్మాత్తుగా వచ్చు మలుపులు. ఆ దినమున మీ ప్రార్థన పట్టు జారినయెడల మీరు మాత్రమే పడరు. ఏలీ యాజకుడు తాను గుడారములో దీపము ప్రక్కన భద్రముగానే ఉండెను. అతని కుమారులు నశించిరి (1 సమూయేలు 2-4 అధ్యాయములు).

“కష్టము వచ్చినప్పుడు ప్రార్థన చేసికొందును” అని కొందరందురు. అది స్టెప్నీ భక్తి. డిక్కీలో పడియున్న స్టెప్నీ సంవత్సరముల తరబడి వెలుగు చూడదు, గాలి చూడదు. పంచరైన అర్ధరాత్రి తీసి చూచినయెడల గాలి లేక అణగి, పగిలి ఉండును. తమ దీపములలో నూనె లేదని బుద్ధిలేని కన్యకలకు ఎప్పుడు తెలిసెను? పెండ్లికుమారుడు వచ్చుచున్నాడను కేక వినబడినప్పుడే.

ఏమి చేయవలెను?

వాహనము గలవారికి ముందుగా ఒక మాట. ఇది కూడ భక్తిలో భాగమే. నరహత్య చేయకూడదను ఆజ్ఞలో పొరుగువాని ప్రాణమును కాపాడుట ఇమిడియున్నది. టైరు ప్రక్కభాగమున కొన్ని అక్షరములు, వాటి చివర నాలుగు అంకెలు అచ్చువేసి ఉండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 3516 అని ఉన్నయెడల అది 2016వ సంవత్సరము 35వ వారమున, అనగా ఆగస్టు చివరి దినములలో తయారైనది. ఆరు సంవత్సరములకే మార్చుమని కొందరు కారు తయారీదారులు చెప్పుదురు. అయిదేండ్లు వాడిన తరువాత ఏటేట తెలిసినవానికి చూపుమనియు, గీతలు ఎంత లోతుగా ఉన్నను తయారై పదేండ్లు గడచినదానిని స్టెప్నీతో సహా తీసివేయుమనియు టైరు కంపెనీలు చెప్పుచున్నవి. అంగడిలో క్రొత్త టైరు కొనునప్పుడును ఆ అంకెలు చూడుడి; అమ్ముడుపోక ఏండ్ల తరబడి నిలువయున్నది కూడ మెరయుచుండును. నిలిచియుండు బండిని ఎండలో ఉంచవద్దు. నెలకొకసారియైనను కొంత దూరము నడుపుడి, గాలి చూచుకొనుడి. పండుగకు పిల్లలతో దూరప్రయాణము పెట్టుకొన్నయెడల ముందుగా టైరు చూపించి, తరువాత బయలుదేరుడి. క్రొత్త టైర్లు వేసిన వెంటనే వేగముగా పోకుడి. కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిచిన తరువాతనే వాటికి పూర్తి పట్టు వచ్చును.

ఆత్మ విషయమున కూడ ఈ క్రమమే. మొదట తారీఖు చూడుడి. రక్షింపబడిన తారీఖును గూర్చి మాత్రమే నేను అడుగుట లేదు. కడపట ప్రభువు మీతో మాటలాడిన తారీఖు ఏది? కడపట మీరు ఒకరిని క్షమించిన తారీఖు ఏది? ప్రభువు నిమిత్తము ఒక నష్టమును సంతోషముగా సహించి ఎన్నాళ్లయినది? ఆ అంకెలు చాల పాతవైనయెడల గీతల లోతును చూచి మోసపోకుడి.

తరువాత మార్పునకు ఒప్పుకొనుడి. ప్రభువు బండిని పారవేయుమని చెప్పుటలేదు. మీ పేరును, మీ కుటుంబమును, మీ సంఘమును ఆయన తోసివేయుటలేదు. ఎండినదానిని తన చేతికిమ్మని అడుగుచున్నాడు. అంగడిలో క్రొత్త టైరుకు వెల ఉన్నది. ఈ మార్పునకు వెల ఆయనే సిలువ మీద చెల్లించెను. విప్పుటకు మనము ఒప్పుకొనుటయే మిగిలియున్నది.

పిమ్మట నడువుడి. క్రొత్తగా విశ్వసించినవారు, మరల లేచినవారు తొందరపడి పెద్ద పనులు తలకెత్తుకొనవద్దు. నెమ్మదిగా నడిచి పట్టు సంపాదించుకొనుడి. ప్రతి ఉదయము కొంచెము వాక్యము, కొంచెము ప్రార్థన. ప్రతి దినము ఎవరి బరువులోనైనను కొంచెము మోయుడి. అరుగుదురు. అరుగుటకు భయపడకుడి. యెహోవా కొరకు కనిపెట్టువారి బలము ఎట్లు మరల క్రొత్తదగునో యెషయా 40వ అధ్యాయపు చివరి వచనములలో చదివి, ఆయనను పట్టుకొని అడుగుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాలో తెలియకుండ ఎండిపోయినదానిని మాకు చూపుము. చూపునకు బాగున్నదని మేము విడువలేనిదానిని నీవే విప్పి తీసివేయుము. నీ ఆత్మవలన మాకు క్రొత్త మనస్సు దయచేయుము. మా ప్రక్కన కూర్చున్న మా వారిని మా అజాగ్రత్తనుండి కాపాడుము. నీవు పంపు దారిలో అరుగుచు, నీయందు దినదినము క్రొత్తవారమగుచు గమ్యము చేరునట్లు మమ్మును నడిపించుము. మా రక్షకుడైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.